శత్రువుగారి గొంతు

నమోదు 611, సోమవారం

గొంతు: బాగుంది. తిన్నది: గంజి, ఉడకబెట్టిన సొరకాయ. బయట మాట్లాడిన మాటలు: సున్నా.

శాఖ ఈ పుస్తకంలో రాయమన్నది ఆ మూడు ముక్కలే. కానీ మాట్లాడకూడదన్న మనిషి చేతికి రాసుకోవడానికి పుస్తకం ఇస్తే ఏమవుతుందో వాళ్ళు ముందే ఆలోచించుకోవాల్సింది. నెలకోసారి అట్ట మీద ముద్ర కొట్టి తిరిగి ఇచ్చేస్తారు. లోపల ఎవరూ చదవరు, కాబట్టి నాకు తోచింది నేను రాసుకుంటాను.

నా పేరు వకుళ. జన సంకల్ప శాఖలో డబ్బింగ్ చెబుతాను. రోజూ సాయంత్రం వచ్చే ‘శత్రువుగారి ఇల్లు’లో కరాళి గొంతు నాదే. శాఖలో నలుగురికి తప్ప ఈ సంగతి మా తూర్పు గుమ్మటంలో ఎవరికీ తెలియదు. ఆ గొంతు వీధిలో వినపడకూడదు కనుక ఉద్యోగంలో చేరగానే శాఖ నన్ను కొత్త వీధికి మార్చింది, ఇక్కడ బయట నేను మూగదాన్ని. అందరూ మూగమ్మ అంటారు. మూగపిల్ల అని ఖాయమయ్యాక పెళ్ళి సంబంధాలు మునుపటికంటే ఎక్కువే వచ్చాయి, అది వేరే సంగతి.

లోయకు అవతల పడమటి గుమ్మటం ఉంది. మధ్యలో గాలి లేని నేల, దాని అడుగున మంచు. ఆ మంచు మాదని మేము, తమదని వాళ్ళు. మాది ప్రజాస్వామ్యం, కాబట్టి జనం ఒప్పుకోనిదే ఒక్క ఫిరంగి గుండు కూడా పేల్చరు. ప్రతి ఆదివారం ఇంటింటి గోడతెర మీద ఒక గురి కనిపిస్తుంది. పేల్చమంటే ఆకుపచ్చ మీట నొక్కాలి, వద్దంటే ఎరుపు. ఆకుపచ్చ నొక్కాలంటే మనిషిలో కాస్త కసి ఉండాలి. కసి ఊరికే పెరగదు, రోజూ నీళ్ళు పోయాలి. ఆ నీళ్ళు మోసేది నేను.

ఈగంత కెమెరాలు అవతలి గుమ్మటంలో దూరి ఒక ఇంటిని తీసి పంపుతుంటాయి. ఒక కోడలు, ఒక అత్త, ఒక చంటిపిల్ల. ఆ కోడలికి కరాళి అని పేరు పెట్టింది శాఖే. వాళ్ళ భాష ఇక్కడెవరికీ రాదు. ‘అనువాద యంత్రం కరాళి మాటల్ని కరాళి గొంతుతోనే తెలుగులో వినిపిస్తుంది’ అని కార్యక్రమం మొదట్లో ఒక వాక్యం వస్తుంది. ఆ యంత్రాన్ని నేనే. పొద్దున్నే మిరియాల కషాయం తాగే యంత్రాన్ని.

నమోదు 613, బుధవారం

గొంతు: కాస్త బొంగురు. తిన్నది: గంజి. బయట మాటలు: సున్నా.

ఈరోజు వేదాద్రి గారితో గొడవ పడ్డాను. మాటల రచయిత ఆయనే. యుద్ధానికి ముందు సబ్బుల ప్రకటనలు రాసేవారు, ఇప్పటికీ ఏది రాసినా నురగ ఎక్కువ.

కరాళి పిల్లకు అన్నం పెడుతోంది. పెట్టే ముందు రోజూ ఒక మాట అంటుంది. మొదట్లో ఒకసారి పెదవులు కలుస్తాయి, చివర ఇంకోసారి కలిసి అలాగే ఆగుతాయి. అక్కడ ఆయన ‘పొడుస్తాం’ అని రాశారు. అతికింది. మొదట ‘ప’, చివర సున్న. పనితనంలో వంక పెట్టడానికి లేదు.

“పెదవులు అతికాయి గానీ కళ్ళు అతకలేదండీ. ముద్ద కలిపి పెడుతూ పొడుస్తాం అంటే ఎవరు నమ్ముతారు?” అన్నాను.

“జనం కళ్ళు చూడరండీ. చెవులతో చూస్తారు. పోయినసారి ఆవిడ కెమెరాని ఈగనుకుని చీపురుతో కొట్టిందా? ‘తూర్పు జాతిని ఇలాగే నలిపేస్తా’ అని పెట్టాం. ఆ వారం ఆకుపచ్చ ఎంతొచ్చిందో మీకు తెలుసు కదండీ.”

తెలుసు. ఆ వారం గురి ఒక బడి. పిల్లలు లేని వేళ పేలుస్తామని తెర మీద వేశారు. ఏ వేళ అని ఒక్కరూ అడగలేదు.

‘పొడుస్తాం’ చెప్పాను. ఒక్క టేకులో ఓకే అయింది. నా పని నాకు బాగా వచ్చు, అదే వచ్చిన చిక్కు.

నమోదు 614, గురువారం

గొంతు: బాగుంది. తిన్నది: గంజి, బీరకాయ. బయట మాటలు: సున్నా, చాలా కష్టం మీద.

వేడినీళ్ళ కుళాయి దగ్గర క్యూ. పక్కనున్న ఆవిరిగొట్టం పాములా బుస కొడుతోంది. బాగు చేయమని చెప్పినప్పుడల్లా యుద్ధం అయ్యాక చేస్తామంటారు.

నా ముందు పైడమ్మ. మా పక్కింటావిడ. మూగవాళ్ళకి వినపడదని కొందరనుకుంటారు. పైడమ్మ అలా కాదు, మూగవాళ్ళకి ఇంకెవరూ చెప్పరని అన్నీ తనే చెబుతుంది.

“రాత్రి సూసినావా మూగమ్మా? పిల్లకి బువ్వెడతా పొడుస్తాం అంటాది, దాని నోరు పడిపోను. పాలతోపాటు ఇసం పోత్తన్నాది. అదేటి ఆడదా?” అంది. నేను తలూపాను.

“అయితే ఒకటి సెప్పాల. అత్త మోకాళ్ళు మాత్రం రోజూ నొక్కుతాది. నోరే సెడ్డది గానీ సెయ్యి మంచిదే. మా కోడలు ఒక్కనాడు నొక్కినాదా నాకు?”

వెనకనుంచి ఇంకొకావిడ, కరాళి అత్తకి మోకాలు వాచిందని, నువ్వులనూనె రాస్తే తగ్గుతుందని, కానీ చెప్పేదెలాగని బాధపడింది. శత్రువు మోకాలికి మందు ఏదన్న దాని మీద కుళాయి దగ్గర చాలాసేపు వాదన జరిగింది. నాకు నవ్వు ఆగక దగ్గు నటించాను. దగ్గులో కూడా గొంతు దొరుకుతుందేమోనని మళ్ళీ భయం.

వెళ్తూ వెళ్తూ పైడమ్మ పండుమిరప పచ్చడి డబ్బా ఇచ్చింది. కుండీలో ఒకే ఒక్క మిరపమొక్క పెంచుతుంది, దాని కాయలు. గొంతుకి కారం నిషేధం కాబట్టి నేను తినను. డబ్బా కడిగి ఇచ్చి, బాగుందని వేళ్ళు ముద్దు పెట్టుకుని చూపిస్తాను. పాపం, ఏడాది పైగా నమ్ముతోంది.

నమోదు 617, ఆదివారం

గొంతు: బాగుంది. తిన్నది: గంజి. బయట మాటలు: సున్నా.

శాఖ గుండెలో రాయి పడింది. ఈ వారం గురి కరాళి వీధి చివర ఉన్న, గాలి తయారుచేసే మిల్లు. జనం ఎరుపు నొక్కారు. ఎప్పుడూ లేనంత ఎరుపు.

శాంతి మీద ప్రేమ పుట్టుకొచ్చిందని కంగారు పడి శాఖవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి విచారించారు. అలాంటిదేం లేదు. మిల్లు పేలితే పక్కనున్న కరాళి ఇంటి గోడలు కూలుతాయి, గోడలు కూలితే కార్యక్రమం ఆగిపోతుంది, సాయంత్రాలు ఏం చూడాలి అన్నారట.

నమోదు 618, సోమవారం

గొంతు: ఎండిపోయింది. తిన్నది: ఏమీ లేదు. బయట మాటలు: సున్నా.

సంచాలకురాలు ఇందీవర గారు మా ఇద్దరినీ పిలిచారు. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచరు, పెంచాల్సిన పని మాకు అప్పగించారు.

“జనానికి ఆవిడంటే అసహ్యమే. ఆ అసహ్యం రోజూ కావాలంటున్నారు, అదీ చిక్కు. ఇలాగైతే వాళ్ళ ఇంటి చుట్టుపక్కల మనం చేయి పెట్టలేం” అన్నారు.

వేదాద్రి గారికి సబ్బుల అనుభవం అక్కరకొచ్చింది. “ఉన్న దుకాణం మూసేస్తే జనం ఏడుస్తారండీ. పక్కనే కొత్తది తెరిచి మూస్తే ఏడవరండీ.”

అలా తేలింది. వచ్చే ఆదివారం గురి కరాళి ఇల్లే. శనివారం ప్రత్యక్ష ప్రసారంగా చివరి భాగం, అందులో కరాళి తూర్పు పిల్లలందరినీ పేరుపేరునా శపించాలి. ఆ మర్నాటి నుంచి కొత్త ఇల్లు. అక్కడ కవల పిల్లలున్నారు, ఒక కోపిష్టి ముసలాయన, పైగా అప్పుడప్పుడు డాన్సు చేసే మరదలు. కొత్త ఇంటి ముక్క కొందరికి చూపించి అడిగితే పాత ఇంటికి ఆకుపచ్చ నొక్కుతామన్నారట.

“మరి నాకు పని?” అని అడిగాను.

“కొత్త ఇంట్లో కోడలు మీరే” అన్నారు ఇందీవర గారు.

సంతోషించాను, అబద్ధం ఎందుకు? మెట్లు దిగుతుంటే పాత ఇంట్లో కోడలు ఏమవుతుందో గుర్తొచ్చింది. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. ఏడాది పైగా ఆవిడ నోట్లో నా మాట పెట్టాను. ఆవిడ ఊపిరి ఎక్కడ పీలుస్తుందో, ఏ మాట ముందు పెదవి తడుపుకుంటుందో నాకు తెలుసు. ఇంత దగ్గరగా నేను ఇంకెవరినీ చూడలేదు. ఆవిడని చంపడానికి నా గొంతే వాడతారు. నాకు చాలా సిగ్గేసింది.

నమోదు 623, శనివారం

గొంతు: వాడలేదు. తిన్నది: గంజి. బయట మాటలు: సున్నా. లోపల మాటలు కూడా సున్నా.

డబ్బింగ్ గదిలో నా ముందు రెండు మీటలుంటాయి. ఒకటి నా గొంతుకి. రెండోది అవతలినుంచి వచ్చే అసలు గొంతుకి. అది నా చెవుల్లో తప్ప ఎక్కడా వినపడకూడదని దాని మీద టేపు అంటించి ఉంటుంది.

ప్రసారం మొదలైంది. కరాళి అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది. ఎర్రదీపం వెలిగింది. నేను నోరు తెరవలేదు. టేపు పీకి రెండో మీట పైకి తోశాను.

ఆవిడ గొంతు ఇన్నాళ్ళకు మా గుమ్మటంలో వినపడింది. పలచటి గొంతు, కొంచెం ముక్కుతో మాట్లాడుతుంది, చాలా వేగం. నాలా గంభీరంగా ఏమీ ఉండదు. అత్తతో ఏదో అంది, అత్త విసుక్కుంది, ఇద్దరూ నవ్వారు. తర్వాత పిల్లని ఒళ్ళో వేసుకుని ముద్ద కలిపి ఆ మాట అంది. ‘పొడుస్తాం’ కాదు. ఏమిటో నాకూ తెలియదు, కానీ బెదిరింపు మాత్రం కాదని ఏ భాషవాడికైనా తెలుస్తుంది.

అద్దం అవతల వేదాద్రి గారు చేతులు ఊపుతున్నారు. తలుపుకి లోపల గడియ పెట్టాను. భాగం అయిపోయేదాకా ఆవిడ మాట్లాడుతూనే ఉంది, నేను ఏడుస్తూ విన్నాను. ఈ గొంతు విన్నాక జనం ఆకుపచ్చ నొక్కరని నా నమ్మకం.

నమోదు 624, ఆదివారం

గొంతు: బాగుంది. తిన్నది: గంజి, రెండుసార్లు. బయట మాటలు: సున్నా.

ఎరుపు గెలిచింది. ఇల్లు నిలిచింది.

ఎందుకు గెలిచిందో రాయడానికి చెయ్యి రావడం లేదు. నిన్న సాయంత్రం నుంచే శాఖకి ఫోన్లట. గొంతు మార్చేశారని, ఇది కరాళి కాదని, కరాళి గొంతు మాకు తెలియదా అని, ఈ ముక్కుగొంతుది ఎవరో నకిలీ అని. పొద్దుటికల్లా వీధి మొత్తం ఒక మాట మీదకి వచ్చేసింది. మనం గురి పెట్టామని పసిగట్టి అసలు కరాళి పారిపోయింది, దానిలాంటి ముఖాన్ని తెచ్చి అక్కడ కూర్చోబెట్టారు. నకిలీదాని మీద గుండు ఎందుకు తగలెయ్యాలి?

ఒక్కరైనా, ఒక్కరైనా ఆ ముద్ద దగ్గర మాట విని ఆగారా అని కుళాయి దగ్గర చెవులు రిక్కించి నిలబడ్డాను. పైడమ్మ మాత్రం “పాపం, ఎవల పిల్లో తెచ్చి కూకోబెట్టినారు. బాగానే సాకుతాంది” అంది. అంతే.

గొంతు మొదటినుంచీ డబ్బింగేనని చెప్పాలంటే శాఖ తన యంత్రం అబద్ధమని చెప్పాలి. కాబట్టి ఇందీవర గారు తెర మీదకొచ్చి, ప్రజల చురుకుదనాన్ని మెచ్చుకుని, అసలు కరాళి కోసం గాలింపు మొదలైందని చెప్పారు. నన్నేమీ అనలేదు. ఏమైనా అంటే దానికి కారణం ఏమని రాసుకోవాలో వాళ్ళకి తెలియలేదనుకుంటాను. ఇంటికొచ్చి నోట్లో గుడ్డ కుక్కుకుని పొట్ట పట్టుకుని నవ్వాను. ఇల్లు నిలిచింది కదా, ఎందుకు నిలిస్తే ఏం?

నమోదు 627, బుధవారం

గొంతు: పనిచేసింది. తిన్నది: గుర్తు లేదు. బయట మాట్లాడిన మాటలు: మూడు.

కుళాయి దగ్గర పైడమ్మ బిందె పెట్టి వంగింది. పైన ఆవిరిగొట్టం అతుకు ఊడి వస్తోంది. నేను తప్ప ఎవరూ చూడలేదు. చెయ్యి పట్టుకు లాగేంత దగ్గరలో లేను.

“పైడమ్మా, వెనక్కి జరుగు!”

జరిగింది. ఆ అరుపు వింటే ఎవరైనా జరుగుతారు, గుమ్మటమంతా ఏడాదిగా బెదిరిన గొంతు అది. ఆవిరి బిందె మీద పడింది, బిందె ఎగిరి పడింది. పైడమ్మ ఒంటి మీద ఒక్క చుక్క పడలేదు.

అందరూ నన్నే చూస్తున్నారు. నువ్వులనూనె సలహా ఇచ్చినావిడ తన పిల్లాణ్ణి కొంగు వెనక్కి లాక్కుంది.

“ఇదే. ఈ గొంతే” అంది.

పైడమ్మ నా ముఖంలోకి చూసింది. “మూగమ్మా, నువ్వేనా?” అంది. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

నమోదు 630, శనివారం

శాఖ పైన రాయమన్న మూడు ముక్కలు ఈరోజు కింద రాస్తాను.

పారిపోయిన కరాళి ముఖం మార్చుకుని మూగమ్మలా ఇక్కడ చేరిందని వీధి తేల్చేసింది. రేపటి గురి నేనే. మన గుమ్మటంలో మనమే గుండు పేల్చుకోలేం కాబట్టి బయటి తలుపు తెరుస్తారు. ఆకుపచ్చ అంటే నేను తలుపు అవతల, గాలి లేని చోట. ఎరుపు అంటే ఇవతల. వీధి చివర కాపలా పెట్టారు.

ఇందీవర గారు ఒకసారి వచ్చి వెళ్ళారు. “నేను మీ ఉద్యోగినని ఒక్క మాట చెప్పండి” అన్నాను.

“శాఖలో డబ్బింగ్ విభాగం లేదు వకుళ గారూ. ఉందని చెబితే రేపటి నుంచి జనం దేన్ని నమ్మాలి?” అన్నారు. మనిషి నిజంగానే బాధపడ్డారు. బాధపడుతూనే పని చేయడం ఆవిడకి అలవాటు.

ఈగలు ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాయి. మూడు రోజులుగా ‘శత్రువుగారి ఇల్లు’ అంటే ఇదే. సాయంత్రం గోడతెరలో నన్ను నేను చూసుకున్నాను. నేను పొయ్యి దగ్గర నిలబడి “మంచినీళ్ళు కాగాయా” అనుకున్నాను. తెరలో నేను “మీ పిల్లల నెత్తురు కాగబెడతా” అన్నాను. నా గొంతే, పాత రికార్డుల్లోంచి కోసి అతికించారు. పెదవులు ఎక్కడా కలవలేదు. ‘ప’ దగ్గర నోరు తెరిచే ఉంది. ఇంత చెత్త పని నా జన్మలో చూడలేదు. చచ్చేముందైనా పెదవులకి అతికే మంచి లిప్పు ఇవ్వొచ్చు కదా అనిపించి, ఆ ఆలోచనకి నాకే భయమేసింది.

కార్యక్రమం అయ్యాక తలుపు చప్పుడైంది. పైడమ్మ. చేతిలో డబ్బా. లోపలికొచ్చి కంచం తీసి తనే వడ్డించింది. అన్నం, పండుమిరప పచ్చడి, మీద చుక్క నూనె.

“పైడమ్మా, నేను కరాళిని కాదు. ఆ తెర మీది గొంతు నాది, అంతే. మాటలు ఎవరో రాసిస్తే చదివాను.”

“కరాళైనా అలాగే అంటాది గదమ్మా” అంది. కోపంగా అనలేదు. కూరగాయల బేరం చెప్పినట్టు అంది.

“ఇన్నాళ్ళు పక్కపక్కన ఉన్నాం. నీకు నేను తెలుసు.”

“మూగమ్మ తెలుసు. మూగమ్మ మంచిది.” కంచం నా ముందుకి జరిపింది. “నువ్వు అరవకపోతే ఆ బుధారమే నాను ఉడికిపోదును. అది మరిసిపోనమ్మా. అందుకే వొచ్చినాను. రేపు ఆకుపచ్చే నొక్కుతాను మరి, ఏటనుకోకు. అందరూ అదే నొక్కుతారు, నానొక్కదాన్ని ఎర్రది నొక్కితే సూసినోళ్ళు ఏటంటారు? కానీ ఆకలితో పంపకూడదు గదా ఎవల్నీ. తిను.”

నాకు ఆవిడ మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఎదురుగా కూర్చుని, నేను తింటానా లేదా అని నిజంగా ఆత్రంగా చూస్తోంది. ఆ కసికి నీళ్ళు పోసింది నేనే. ఆ పచ్చడి చేసింది ఆవిడే.

ముద్ద కలిపాను. నోట్లో పెట్టుకోగానే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. కారానికే చాలావరకు. ఇన్నాళ్ళూ దీన్నా నేను పారబోసింది!

“ఉప్పు సరిపోనాదా?” అని అడిగింది పైడమ్మ.

“సరిపోయింది. చాలా బాగుంది” అన్నాను, పైకి, నోరారా.

ఆవిడ ముఖం వెలిగింది. కాసేపు కూర్చుని, డబ్బా ఉంచేసుకోమని చెప్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

గొంతు: మండుతోంది. తిన్నది: పండుమిరప పచ్చడి, కడుపునిండా. బయట మాట్లాడిన మాటలు: ఇక లెక్కపెట్టను.